ఖాళీగా తిరిగొచ్చిన బాక్స్

సెప్టెంబర్ 4, గురువారం

సుగర్ అంకెలు రాసుకోవడానికని నాగేందర్ తెచ్చిన డైరీ ఇది. అంకెలు ఫోన్లో పెట్టుకోవడం వచ్చాక ఇది నాకు మిగిలింది. ఇందులో మొగుడి పేరు రాసినా అడిగేవాళ్లు లేరు.

కావ్యకు ఎనిమిదేళ్లు. పోయిన నెలలో ఒకరోజు మేముండే అల్ ఖర్జ్ నుంచి రియాద్ ఆసుపత్రి దాకా నా ఒళ్లో తల పెట్టుకుని వచ్చింది. దాని ఊపిరి మాగిన పండు వాసన వేస్తుంటే ఏదో చాక్లెట్ తిన్నదనుకున్నాను. టైప్ వన్ సుగర్ అన్నారు. మాత్రలతో తగ్గేది కాదట. బతికినన్నాళ్లూ తినేముందు సూది. సూది వేశాక ఎంతకని వేశామో అంతా తినాల్సిందే. తినకపోతే సుగర్ కిందికి పడిపోతుంది, అది ఇంకా ప్రమాదం అన్నాడు డాక్టరు.

ఈరోజు పొద్దున అది ఒక్క ఇడ్లీ తినేసరికి నాకు ఏడుపొచ్చింది. దవడలో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది. ఇంట్లోనైతే పక్కన కూర్చుని తినిపిస్తాను. ఆదివారం నుంచి బడికి పంపాలి, ఈ సౌదీలో వారం అప్పుడే మొదలు.

బడి నర్సు దీనమ్మ గారిని కలిశాను. అమలాపురం వైపు ఆవిడ. మన తెలుగు మనిషే దొరకడం అదృష్టం.

“సూది నేను వేస్తానండి, దాని గురించి మీరు బెంగ పెట్టుకోకండి. కానీ క్లాసులో కూర్చోబెట్టి తినిపించడం నా వల్ల కాదండి. పిల్లకి తినాలనిపించేలా పంపండి,” అన్నారు.

ప్రిన్సిపల్‌కు, క్లాసు టీచరుకు మాత్రం చెప్పాం. ఇంకెవరికీ తెలియకూడదు. ఊర్లో మా అత్తకు కూడా ‘కొంచెం నీరసం, టానిక్ వాడుతున్నాం’ అనే చెప్పాను. ఆడపిల్ల. మా వైపు ఒకసారి పేరు పడితే ఇక పోదు. కావ్యకు కూడా చెప్పాను, ఫ్రెండ్స్‌తో అనొద్దని. తల ఊపింది. తెలివైన పిల్ల.

సెప్టెంబర్ 7, ఆదివారం

పెరుగన్నం పంపాను. పంపింది పంపినట్టే తిరిగొచ్చింది. దీనమ్మ గారు తన గదిలో కూర్చోబెట్టి జ్యూస్ తాగించారట.

సెప్టెంబర్ 8, సోమవారం

చపాతీ. తిరిగొచ్చింది.

సెప్టెంబర్ 10, బుధవారం

పిల్లల లంచ్ బాక్సుల కోసం ఫోన్లో వెతుకుతుంటే ఒక జపాన్ తల్లి వీడియో కనిపించింది. మాట అర్థం కాలేదు. చూస్తూ కూర్చున్నాను. చిన్న డబ్బా. అందులో అన్నం ముద్ద పిల్లి మొహంలా ఉంది. పక్కన చుట్టిన గుడ్డు, క్యారెట్ పూలు, పచ్చగా ఉడికిన ఆకుకూర. బెంటో అంటారట. ఐదు రంగులు ఉండాలి, అరల్లో ఖాళీ మిగలకూడదు అని కింద ఇంగ్లీషులో పడింది.

నాకు తట్టింది ఒకటే. అన్నం ఎంత, కూర ఎంత అన్నది కళ్లకు కనిపిస్తుంది. సూదికి సరిపడా ఇంతే అని అర చెబుతుంది. పైగా ముద్దుగా ఉంది.

ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ పోయాను. పొయ్యి మీద పప్పు అడుగంటింది.

సెప్టెంబర్ 12, శుక్రవారం

నాగేందర్‌కు సెలవు. రెండు రియాళ్ల షాపులో అరల డబ్బా దొరికింది, గులాబీ రంగు మూత. మన సన్న బియ్యం ముద్దగా నిలవవు. ఈజిప్టు బియ్యం పొట్టిగా ఉంటాయి, ఉడికితే అంటుకుంటాయి, అవి తీసుకున్నాం. ఫిలిప్పీన్స్ వాళ్ల దుకాణంలో సముద్రపు నాచు రేకులు దొరికాయి.

“గీ నల్ల కాయితమేందే? దీన్ని గూడ తింటరా?” అన్నాడు నాగేందర్, వాసన చూసి.

“కండ్లు, మీసాలు పెట్టెతందుకు.”

“ఎవలికి?”

“అన్నానికి.”

నన్ను కాసేపు చూసి, నవ్వకుండా బిల్లు కట్టాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం నేను చూడలేదు. డెయిరీ ఫారంలో పాలు చల్లబరిచే చిల్లర్లు చూసుకుంటాడు. ఆ మిషన్ల దగ్గర ఎలా ఉంటాడో నాకు తెలియదు. ఇంట్లో మాత్రం కావ్యకు సూది వేసే వేళకు బాల్కనీలోకి పోతాడు.

సెప్టెంబర్ 14, ఆదివారం

తెల్లారకముందే లేచాను. అన్నంలో కొంచెం వెనిగర్, ఉప్పు కలిపి, ప్లాస్టిక్ కాగితంలో పెట్టి నొక్కితే గుండ్రంగా వచ్చింది. చెవులు నిలవలేదు, రెండుసార్లు విరిగాయి. కండ్లకు నల్ల నువ్వులు, మీసాలకు నాచు. పలచటి అట్టులా గుడ్డు పోసి, చుట్టి, మళ్లీ పోసి, మళ్లీ చుట్టి కోస్తే లోపల చుట్టలు చుట్టలుగా కనిపించింది. పాలకూర ఉడికించి పిండి, మన నువ్వుల పొడే కలిపాను. జపాన్ వాళ్లూ దాదాపు అలాగే చేస్తారట. ఆ మాట నాకు ధైర్యం ఇచ్చింది.

మూత పెట్టబోతుంటే నాగేందర్ ఆపాడు. “వేడి మీద పెట్టకు. లోపల నీళ్లు పట్టి అన్నం చెడిపోతది. పాలైనా గంతే, అన్నమైనా గంతే.” చిన్న ఫ్యాను తెచ్చి డబ్బా ముందు పెట్టాడు. ఇద్దరం నిలబడి పిల్లి మొహానికి గాలి తగలడం చూశాం.

కావ్య మూత తీసి చూసింది. “దీని పేరేంది?” అంది. పేరు పెట్టలేదన్నాను. బడికి పోయే దారంతా ఆలోచించిందట.

మధ్యాహ్నం బాక్స్ ఖాళీగా వచ్చింది. ఒక్క మెతుకు లేదు.

సెప్టెంబర్ 17, బుధవారం

ఖాళీ. నాలుగు రోజులూ ఖాళీ.

నేర్చుకున్నవి: తడి కూర పెట్టకూడదు. అన్నానికి, కూరకు మధ్య లెట్యూస్ ఆకు అడ్డం. పెద్దవి ముందు సర్ది, సందుల్లో చిన్నవి కుక్కాలి, అప్పుడు బస్సులో ఊగినా కదలవు. ఎరుపు లేకపోతే చిన్న టమాటా ఒకటి చాలు. డబ్బా మొహం మారిపోతుంది.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఊర్లో ఎంగిలిపూల బతుకమ్మ. ఈరోజు బాక్స్‌లో నేనూ పేర్చాను: క్యారెట్ పూలు కింద, పసుపు క్యాప్సికం, పైన బఠాణీలు. ఫోటో తీసి మా చెల్లెకు పంపాను, ఇక్కడి తల్లుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. ‘స్వర్ణక్కా, నీకింత ఓపిక ఎక్కడిది’ అని ఒకరు. ‘మా పిల్లలకు కూడా నేర్పు’ అని ఇద్దరు. రోజంతా ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను.

సెప్టెంబర్ 26, శుక్రవారం

ఇక్కడి మనవాళ్లంతా ఒక విల్లా ఆవరణలో బతుకమ్మ ఆడాం. ఎడారిలో తంగేడు ఎక్కడిది? చామంతులు, బంతులు రియాద్ నుంచి తెప్పించారు. ఆట అయ్యాక సత్తు పిండి, మలీద ముద్దలు పంచారు. కావ్య చెయ్యి చాపబోయి నా వైపు చూసింది.

“దానికి పంటి నొప్పి,” అన్నాను.

“చిన్న ముద్దకేమైతది అక్కా, పండుగ పూట,” అన్నారు పక్కావిడ.

“డాక్టర్ తీపి వద్దన్నడు.”

కావ్య వెంటనే బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. నేను చెప్పలేదు, అదే పెట్టుకుంది. ఇంటికొచ్చేదాకా అలాగే పట్టుకుని ఉంది.

సెప్టెంబర్ 30, మంగళవారం

బాక్స్ ఖాళీ. కానీ బడి నుంచి రాగానే చూస్తే సుగర్ తక్కువ. దాని చేతులు కొంచెం వణికాయి. ఖర్జూరం పెట్టాను, సర్దుకుంది. ఆటల పీరియడ్ ఎక్కువసేపు ఉండి ఉంటుంది.

అక్టోబర్ 5, ఆదివారం

కోడి సాసేజ్ ముక్కకు కింద నాలుగు గాట్లు పెట్టి వేడి నీళ్లలో వేస్తే కాళ్లు విచ్చుకుని ఆక్టోపస్ అవుతుంది. పోయిన వారమంతా బడిలో దీని పేరే మోగిపోయింది. కావ్య క్లాసులో అయేషా అనే అమ్మాయి ఉంది, కరీంనగర్ వాళ్లు. వాళ్లమ్మ హమీదున్నీసా ఫోన్ చేసింది.

“ఏం మంత్రమేసిన్రు అక్కా? మా పిల్ల ఇంట్ల నా వంట ముట్టుతలేదు. కావ్య వాళ్లమ్మ చేసినట్టు చెయ్యమంటది. రుచి గూడ మస్తుంటదట.”

“రేపు మీకు వీడియో పంపుత,” అన్నాను. గర్వంగా అనిపించింది. రుచి ఎలా తెలిసిందని అడగలేదు. పిల్లలన్నాక ఒక ముక్క ఇచ్చి పుచ్చుకుంటారు.

అక్టోబర్ 7, మంగళవారం

మళ్లీ తక్కువ.

సుగర్ చూసే స్ట్రిప్పులు కారులో ఎండకు పాడై ఉంటాయి. నా వేలికి గుచ్చుకుని చూశాను. సరిగ్గానే చూపించింది. ఐనా కొత్త డబ్బా తెమ్మన్నాను.

అక్టోబర్ 9, గురువారం

బాక్స్ ఖాళీ. సుగర్ తక్కువ. డాక్టరుకు ఫోన్ చేస్తే “తింటున్నదా?” అని అడిగాడు. అంతా తింటోంది అన్నాను. సూది కొంచెం తగ్గించమన్నాడు. తగ్గించాం. మంచిదే కదా, మందు తగ్గుతోందంటే. నాగేందర్‌తో అలాగే చెప్పాను.

అక్టోబర్ 12, ఆదివారం

ఈరోజు బాక్స్ నేను ఇన్నాళ్లూ చేసినవాటన్నిటిలోకీ అందమైనది. కౌజుపిట్ట గుడ్లతో మూడు కోడిపిల్లలు, క్యారెట్ ముక్కులు. గ్రూపులో అరవై మందికి నచ్చింది.

అక్టోబర్ 14, మంగళవారం

కావ్య నిద్రపోతోంది. బాగుంది. ఈరోజుకు ఇంతే రాయగలను.

అక్టోబర్ 15, బుధవారం

నిన్న ఆటల పీరియడ్‌లో పడిపోయింది.

లైన్లో నిలబడి ఉండగా కాళ్లు మడతపడ్డాయట. ఇసుకలో పడింది. పిలిస్తే పలకలేదు. దీనమ్మ గారు పరుగెత్తుకొచ్చి, సుగర్ ఒక్కసారిగా పడిపోతే వేయడానికి మేం ఇచ్చి పెట్టిన ఎమర్జెన్సీ సూది తొడకు వేశారు. నేను ఆసుపత్రికి చేరేసరికి కళ్లు తెరిచింది. చెంపకు ఇసుక అంటుకుని ఉంది. తుడవబోతే, “అమ్మా, నా బాక్స్ బడిలనే ఉంది,” అంది.

నాగేందర్ ఫారం నుంచి బూట్లతో అలాగే వచ్చాడు. మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. సాయంత్రం నర్సు సూది తెస్తే బయటికి పోలేదు. పిల్ల చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటికి తెచ్చుకున్నాం. రాత్రి అన్నం తను తినిపించాడు. నేను వంటింట్లో నిలబడ్డాను.

అక్టోబర్ 16, గురువారం

దీనమ్మ గారు బాక్స్ తీసుకుని ఇంటికొచ్చారు. టీ ఇచ్చాను. తాగలేదు.

“స్వర్ణ గారూ, మీకు కోపం వచ్చినా సరే చెప్తానండి. పిల్ల మొన్న ఏమీ తినలేదు. అయేషాని, ఇంకో ఇద్దరిని అడిగాను. రోజూ వాళ్లే తింటున్నారండి. మొదట్లో సగం, తర్వాత అంతా. ఈ పిల్ల రెండు దోసకాయ ముక్కలు నోట్లో వేసుకుని లేచిపోతోందంట.”

“నాతోని అంతా తిన్న అన్నది,” అన్నాను.

“ఖాళీ బాక్స్ చూసి మీరు సంతోషపడుతున్నారు కదండీ.”

లోపలి నుంచి కావ్య వింటోందని నాకు తెలియదు. వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఎందుకిచ్చినవ్ బిడ్డా?” అన్నాను. నా గొంతు పెరగలేదు. పెరగకుండా పట్టుకున్నాను.

“నేను రోజు లంచ్‌కు ముందు దీనమ్మ మిస్ దగ్గరికి పోత గదా. ఎందుకు పోతున్నవ్, ఎందుకు పోతున్నవ్ అని అడుగుతున్నరు. బాక్స్ ఇస్తె ఎవ్వలు ఏమడగరు.”

“తినకపోతె ఏమైతదో నీకు తెల్వదా?”

“తెల్సు. నువ్వే చెప్పొద్దన్నవ్. నాది నేనే తినాలె అంటె, ఎందుకు అంటరు. అప్పుడు నేనేం చెప్పాలె?”

దీనమ్మ గారు తల వంచుకుని మూత మీది గులాబీ రంగును గోటితో గీకుతున్నారు.

 

అక్టోబర్ 17, శుక్రవారం

గ్రూపులోంచి ఫోటోలు తీసేశాను. తీసేస్తూ ఒక్కొక్కటీ చూశాను. చాలా బాగున్నాయి. ఆ మాట అబద్ధం కాదు. మూడు కోడిపిల్లలూ ఎవరి కడుపులోకి పోయాయో.

  మధ్యాహ్నం నాగేందర్ మెల్లగా, “అమ్మకు చెప్దాం,” అన్నాడు.

“మీ అమ్మకు చెప్తే ఊరందరికి తెలుస్తది.”

“తెల్వనీ. పోరి పడ్డనాడు ఊరేమన్న వచ్చి లేపిందా?”

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. పండుగనాడు ఇలాంటి మాట వద్దని రేపటికి వాయిదా వేద్దామనుకున్నాను. నాగేందర్ అప్పటికే వీడియో కాల్ కలిపి ఫోన్ నా చేతికిచ్చాడు.

అవతల మా అత్త గౌరవ్వ. మెట్‌పల్లిలో మా మరిది ఇంటి ముందు కూర్చుని ఉంది. అటూ ఇటూ తిప్పకుండా చెప్పేశాను. సుగర్ అని, రోజూ సూదులని, జీవితాంతమని. పడిపోయిందని కూడా.

 గౌరవ్వ ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

“ఎప్పటిసంది?”

“రెండు నెలలాయె.”

“రెండు నెలలు నువ్వొక్కదానివే మోసినవా?” అంది. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను, దీనికి లేను. “టానిక్ అన్నవ్. నేను పోచమ్మకు మొక్కుకున్న, పోరికి బలం రావాలని. ఏ రోగానికి మొక్కుతున్ననో నాకే తెల్వకపాయె.”

“పెండ్లప్పుడు…” అన్నాను.

“ఎనిమిదేండ్ల పోరికి పెండ్లి ముచ్చటేందే? ముందుగాల బతుకనియ్యి.” తర్వాత ఏడ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, “ఫోన్ దానికియ్యి,” అంది.

కావ్య ఫోన్ తీసుకుని బాల్కనీలోకి పోయింది. సూది ఎలా వేసుకుంటారో తన పొట్ట చూపించి చెబుతోంది. “నొస్తదా?” అని గౌరవ్వ అడగడం, “జెర నొస్తది నాయనమ్మా, రోజు నొస్తది,” అని కావ్య అనడం వినిపించాయి. నన్ను అడిగిన ప్రతిసారీ ‘నొయ్యదు’ అనే చెప్పేది.

అక్టోబర్ 22, బుధవారం

హమీదున్నీసా వచ్చింది, అయేషాను వెంటబెట్టుకుని. కూర్చోకముందే అంది, “అక్కా, నా బిడ్డ మీ బిడ్డ నోటికాడి కూడు తిన్నది. నాకు తెలిస్తే…”

“తెలిస్తే గదా. నేనే తెల్వనియ్యలే.”

అయేషా నా వైపు చూడలేదు. నేరుగా కావ్య దగ్గరికి వెళ్లి, “నువ్వు సచ్చిపోతవా?” అని అడిగింది.

హమీదున్నీసా పిల్ల నోరు మూయబోయింది. కావ్యే జవాబిచ్చింది. “లే. తింటె ఏంగాదు.”

“మరి తినకపోయినవ్?”

“నువ్వు ఆక్టోపస్ అడిగినవ్.”

అయేషా కాసేపు ఆలోచించి, “ఇంక అడగ,” అంది. ఇద్దరూ లోపలికి ఆడుకోవడానికి పోయారు. హమీదున్నీసా, నేను వంటింట్లో నిలబడి మాట్లాడుకున్నాం. వాళ్ల అన్న కొడుక్కి కూడా ఇదేనట, హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడట. ఆ పిల్లాడి సంగతి వాళ్లింట్లో కూడా ఎవరూ బయట చెప్పరట.

అక్టోబర్ 26, ఆదివారం

తిరిగి బడికి. మొదటి పీరియడ్‌లో దీనమ్మ గారు క్లాసులో చెబుతానన్నారు. నన్ను రమ్మన్నారు, తలుపు దగ్గర నిలబడ్డాను. ఆవిడ మొదలుపెట్టగానే కావ్య చెయ్యి ఎత్తి, “మిస్, నేను చెప్తా,” అంది. ఇంగ్లీషులో చెప్పింది. మధ్యలో మాట దొరకక రెండుసార్లు ఆగింది. ఒక అబ్బాయి సూది ఎంత పెద్దదని అడిగాడు. వేళ్లతో చూపించింది. ఉన్నదానికన్నా చాలా పెద్దది చూపించింది. క్లాసంతా ‘ఓ’ అంది.

అక్టోబర్ 29, బుధవారం

పాలకూర వద్దంది. నాచు కూడా మొదటి నుంచీ ఇష్టం లేదట, వాసన చేపల్లా ఉంటుందట. పిల్లి మొహం అయేషాకే ఎక్కువ ఇష్టమట. మరి నీకేం కావాలే అంటే, గుడ్డు చుట్ట, పల్లీ చట్నీ, గట్టి పెరుగు అంది. ఇన్నాళ్లూ ఒక్కసారీ అడగలేదు నేను.

చట్నీ గట్టిగా చేస్తే మూలనున్న చిన్న అరలో పడుతుంది.

నవంబర్ 3, సోమవారం

మూడు గంటలకు సుగర్ సరిగ్గా ఉంది. డాక్టరు సూది మళ్లీ పాత లెక్కకు పెంచమన్నాడు. మందు పెరిగింది. నాగేందర్ సాయంత్రం కావ్యను గోడ మీద కూర్చోబెట్టి ఒంటెల లారీ పోతుంటే చూపిస్తున్నాడు. ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. ఏమన్నాడో వినబడలేదు.

నవంబర్ 5, బుధవారం

పొద్దున లేవలేకపోయాను. పువ్వులు లేవు, మొహాలు లేవు. అన్నం ముద్ద చేసి పెట్టాను, గుడ్డు చుట్ట, చట్నీ, రెండు రకాల కూరగాయలు. రంగులు మూడే వచ్చాయి. మూత పెట్టేముందు ఫోటో తీయాలని కూడా తోచలేదు.

కావ్య వచ్చి బాక్స్ సింకులో పెట్టకుండా నా చేతికిచ్చింది. మూత తీశాను. బీన్స్ అన్నీ మిగిలాయి, అన్నం ఒక మూల మిగిలింది.

“నచ్చలే,” అంది. “ఉడకలే సరిగ్గా. దీనమ్మ మిస్‌కు చెప్పిన, ఇంత మిగిలిందని. జ్యూస్ ఇచ్చింది.” బ్యాగు విసిరేసి ఆడుకోవడానికి కిందికి పరుగెత్తింది.

బీన్స్ నిజంగానే ఉడకలేదు. కరకరలాడుతున్నాయి. సింకు దగ్గర నిలబడి అన్నీ తినేశాను.